బడికి వెళ్ళని విద్యామంత్రి – మౌలానా అబుల్ కలాం ఆజాద్

మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి పేరు వినని ఇల్లు మనలో ఉండదు. నవంబర్ 11 వచ్చిందంటే బళ్ళలో ఆయన పటానికి దండ వేస్తారు. 2008 నుంచి ఆ రోజును దేశమంతటా జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుతున్నారు. మన రాష్ట్రంలో మైనారిటీల సంక్షేమ దినం కూడా అదే రోజు. పిల్లలు నాలుగు ముక్కలు బట్టీ పట్టి చెబుతారు. మక్కాలో పుట్టారు, స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్ళారు, దేశానికి మొదటి విద్యామంత్రి అయ్యారు అని. మనం చప్పట్లు కొట్టి, మిఠాయి పంచి ఇళ్ళకు వస్తాం.

అయితే విద్యామంత్రిగా ఆయన ఏం చేశారు అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది తడుముకుంటాం. 1947 జనవరి నుంచి 1958 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా, అంటే 11 ఏళ్ళకు పైగా, ఆ బాధ్యత మోసిన పెద్దమనిషి మన ఊరిలాంటి ఊళ్ళ బడి గురించి ఏం ఆలోచించారు? పంతులు లేని బడికి పంతుల్ని ఎలా పంపాలనుకున్నారు? అందులో నెరవేరిందెంత, మిగిలిపోయిందెంత? ఈ సంచికలో మేము రాయదలచుకున్నది ఆ సంగతే. పిల్లల్ని బడికి పంపే ప్రతి ఇంటికీ ఇది పనికివచ్చే విషయమని మా నమ్మకం.

బాల్యం, చదువు

ఆజాద్ గారు 1888 నవంబర్ 11న మక్కాలో జన్మించారు. అసలు పేరు మొహియుద్దీన్ అహ్మద్. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గారు గొప్ప పండితులు, ఎందరో మురీదులున్న పీర్ సాహెబు. తల్లి అరబ్బు స్త్రీ, మదీనా పండితుల కుటుంబం నుంచి వచ్చినామె. పిల్లవాడు చిన్నగా ఉండగానే కుటుంబం కలకత్తా వచ్చి స్థిరపడింది.

తండ్రిగారు పాత సంప్రదాయం మనిషి. కొడుకును బడికి గాని, మదర్సాకు గాని పంపలేదు. తొలి పాఠాలు తానే చెప్పి, తర్వాత ఒక్కో విద్యకు ఒక్కో ఉస్తాదును ఇంటికే పిలిపించారు. అరబ్బీ, ఫార్సీ, తర్కం, గణితం, తత్వశాస్త్రం అన్నీ ఇంట్లోనే. మామూలుగా 20 ఏళ్ళు దాటాక ముగిసే పాఠ్యక్రమం ఈయనకు 16 ఏళ్ళకే పూర్తయింది. నేర్చుకున్నది గట్టిపడాలంటే ఇంకొకరికి నేర్పాలన్నది అప్పటి పద్ధతి. అందుకని తండ్రిగారే ఒక 15 మంది విద్యార్థుల్ని సమకూర్చి, వాళ్ళకు పాఠాలు చెప్పమన్నారు. అలా మన మొదటి విద్యామంత్రి జీవితంలో మొదట చేసిన పని పంతులుగిరీయే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి రచనలు చదివాక ఆయనకు ఒక విషయం తట్టింది. ఈ కాలపు శాస్త్రాలు తెలియనివాడిని చదువుకున్నవాడు అనలేం. ఇంటి చదువులో అవి లేవు. అప్పుడు అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంగ్లీషు నేర్చుకున్నారు. నిఘంటువు పక్కన పెట్టుకుని బైబిలూ, వార్తాపత్రికలూ చదివారు. తనకు దొరికిన చదువు మంచిదే గాని, అది కొద్దిమంది ఇళ్ళకే దక్కే చదువు అని ఆయనకు బాగా తెలుసు. ఇంటికి ఉస్తాదును పిలిపించుకోగల తండ్రి ఎంతమందికి ఉంటాడు? మిగతా పిల్లలకు సర్కారు బడే దిక్కు.

పత్రిక, నిర్బంధం, రాంచీ

1912 జూలైలో కలకత్తా నుంచి అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక పెట్టారు. రెండేళ్ళలో అది వారానికి 26 వేల ప్రతులకు చేరింది. ఆ రోజుల్లో ఉర్దూ పత్రికకు అది వినని సంఖ్య. ప్రభుత్వం ధరావతులు జప్తు చేసి పత్రిక మూతపడేలా చేసింది. అల్ బలాగ్ అనే ఇంకో పత్రిక పెట్టారు. 1916లో బెంగాల్ విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. రాంచీ చేరారు. అక్కడ నిర్బంధంలో పెట్టారు. 1919 ఆఖరుదాకా అక్కడే.

నిర్బంధంలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? తన మానాన తాను చదువుకుంటాడు. ఆజాద్ గారు చదువుకున్నారు, రాశారు, దానితో పాటు ఇంకో పని కూడా చేశారు. రాంచీ ముస్లింలను కూడగట్టి అంజుమన్ ఏర్పాటు చేశారు. 1917లో మదర్సా ఇస్లామియా స్థాపించారు. ఆ కట్టడానికి హిందూ సోదరులు కూడా చందాలిచ్చారు. ఊరు దాటి అడుగు పెట్టడానికి వీల్లేని మనిషి ఆ ఊరికి ఒక బడి ఇచ్చాడు. మనలాంటి చిన్న సంఘాలవారు తలచుకోవలసిన విషయం ఇది.

తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే. 1923లో ఢిల్లీలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సభకు తన 35వ ఏట అధ్యక్షులయ్యారు. 1940 నుంచి 1946 దాకా మళ్ళీ ఆయనే కాంగ్రెస్ అధ్యక్షులు. 1942 ఆగస్టులో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో ఉండగా, 1943 ఏప్రిల్‌లో భార్య జులేఖా బేగం గారు కలకత్తాలో మరణించారు. ఆఖరి చూపు దక్కలేదు. సంతానం కూడా లేదు. దేశ విభజనను ఆయన చివరిదాకా వ్యతిరేకించారు. అది జరిగినప్పుడు కుమిలిపోయారు గాని పని విడిచిపెట్టలేదు.

మంత్రి అయ్యేసరికి ఉన్న పరిస్థితి

1947 జనవరిలో తాత్కాలిక ప్రభుత్వంలో విద్యాశాఖ చేపట్టారు. అప్పటి దేశం సంగతి చూడండి. 1951 జనాభా లెక్కల ప్రకారం చదవను రాయను వచ్చినవారు నూటికి 18 మంది. ఆడవాళ్ళలో నూటికి 9 మంది. 1950–51లో దేశం మొత్తం మీద ప్రాథమిక పాఠశాలలు సుమారు 2 లక్షల 10 వేలు. వాటిలో చదివే పిల్లలు కోటీ 92 లక్షలు. అందులో ఆడపిల్లలు 54 లక్షలు మాత్రమే. పంతుళ్ళు 5 లక్షల 38 వేలు.

ఈ అంకెల్ని ఒకసారి భాగించి చూద్దాం. 5 లక్షల 38 వేల మంది పంతుళ్ళను 2 లక్షల 10 వేల బళ్ళకు పంచితే బడికి రెండున్నర మంది వస్తారు. ఫర్వాలేదే అనిపిస్తుంది. కాని సగటు అనేది పైకి నిదానంగా కనిపించి లోపల నిలువునా ముంచే ఏటిలాంటిది. పట్నం బళ్ళలో, పెద్ద ఊళ్ళ బళ్ళలో ఐదుగురూ ఆరుగురూ ఉండేవారు. మారుమూల పల్లెల్లో వేలకు వేల బళ్ళు ఒక్క పంతులుతో నడిచేవి. ఆ ఒక్క పంతులుకు జ్వరం వస్తే బడికి తాళం. ఆ ఒక్కరే ఐదు తరగతులకూ పాఠం చెప్పాలి, హాజరు వెయ్యాలి, రికార్డులు రాయాలి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతివాళ్ళు గోడలకేసి చూస్తూ కూచునేవారు. 1953లో విద్యాశాఖ ఒంటి ఉపాధ్యాయుడి బడి గురించే ప్రత్యేకంగా ఒక పుస్తకం ప్రచురించవలసి వచ్చిందంటే సమస్య ఎంతదో ఊహించండి.

ఎన్నేళ్ళలో? ఎవరి డబ్బుతో?

స్వాతంత్ర్యానికి ముందే, 1944లో, సార్జెంట్ పథకం అని ఒకటి తయారైంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు అందించడానికి అది వేసుకున్న గడువు 40 సంవత్సరాలు. అంటే 1984దాకా ఆగాలన్నమాట. స్వతంత్ర దేశంలో రెండు తరాల పిల్లలు అలా ఎదురుచూస్తూ ఉండాలా? 1948లో ఆజాద్ గారు దేశంలోని విద్యావేత్తల్నీ, రాష్ట్రాలవారినీ ఢిల్లీలో సమావేశపరిచారు. బి.జి. ఖేర్ గారి అధ్యక్షతన ఒక సంఘం వేయించారు. దాని ముందున్న ప్రశ్న సూటిగా ఒకటే: ఈ పనికి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? ఖేర్ సంఘం గడువును 16 ఏళ్ళకు తగ్గించింది. రాష్ట్రాలు తమ రాబడిలో నూటికి 20 వంతులు, కేంద్రం నూటికి 10 వంతులు చదువుకు కేటాయించాలని చెప్పింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణంలో గడువును ఇంకా తగ్గించి 10 ఏళ్ళు చేసింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రాజ్యాంగం ప్రకారం బడి రాష్ట్రాల పరిధిలోది. కేంద్ర విద్యామంత్రి ఒక పంతుల్ని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పంపలేడు, ఒక బడి తెరవలేడు. చదువు విషయంలో కేంద్రానికి కూడా పాత్ర ఉండాలని ఆజాద్ గారి అభిప్రాయం. ఆ మార్పు ఆయన పోయిన 18 ఏళ్ళకు, 1976లో 42వ సవరణతో వచ్చింది. అప్పటిదాకా ఆయన చేతిలో ఉన్నవి మూడే. సలహా చెప్పడం, లెక్క తీయించడం, డబ్బు సర్దడం. ఈ మూడింటితోనే ఆయన పని నడిపించారు.

ముందు కమిషన్, తర్వాత పథకం, ఆ తర్వాత నిధులు. ఇది ఆయన పద్ధతి. 1948లో విశ్వవిద్యాలయాల కమిషన్ వేశారు. దాని అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. మన విశాఖపట్నానికి ఆయన కొత్తవారు కాదు. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నవారు. 1952లో హైస్కూలు చదువు మీద లక్ష్మణస్వామి మొదలియార్ గారి అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. 1951లో, యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 1953లో, సాహిత్య అకాడమీ 1954లో మొదలయ్యాయి. ఇవన్నీ పేరుమోసిన సంస్థలు గనుక అందరికీ గుర్తున్నాయి. ఊరి బడి కోసం చేసింది మాత్రం మరుగున పడింది.

పంతులు ఎక్కడుండాలి?

మొదటి పంచవర్ష ప్రణాళికలో చదువుకు దొరికిన సొమ్ములో సగానికి పైగా ప్రాథమిక విద్యకు పెట్టారు. 1953లో ఒక పథకం వచ్చింది. అప్పట్లో చదువుకుని ఉద్యోగం దొరకని యువకులు పట్నాల్లో తిరుగుతున్నారు. మరోపక్క పల్లెల్లో పంతుళ్ళు లేరు. ఈ రెంటినీ కలిపితే? ఆ యువకుల్ని పల్లె బళ్ళలో పంతుళ్ళుగా వేసుకోమనీ, జీతంలో కొంత భాగం కేంద్రం భరిస్తుందనీ రాష్ట్రాలకు చెప్పారు. ఒంటి పంతులు బళ్ళకు రెండో మనిషి, బడే లేని ఊళ్ళకు మొదటి మనిషి. ప్రణాళిక ముగిసేలోగా ఇలా మంజూరైన పోస్టులు పదుల వేలకు చేరాయి.

మొదలియార్ కమిషన్ పంతుళ్ళ విషయంలో చెప్పిన మాట ఇంకా ముఖ్యమైంది. ఒకే అర్హత ఉండి ఒకే పని చేసే ఉపాధ్యాయులకు, యాజమాన్యం ఎవరిదైనా సరే, జీతం ఒకే తీరుగా ఉండాలి. పెన్షను, ప్రావిడెంటు ఫండు, బీమా మూడూ కలిపి ఇవ్వాలి. వాళ్ళ పిల్లలకు చదువు ఉచితంగా చెప్పాలి. ఎందుకంటారా? మున్సిపాలిటీ బడిలో ఒక జీతం, బోర్డు బడిలో ఇంకో జీతం, ఎయిడెడ్ బడిలో మూడో జీతం ఉన్నంతకాలం, తెలివైనవాడు ఎక్కువ ఇచ్చేచోటికి పోతాడు. తక్కువ ఇచ్చే బడికి మిగిలినవాడు వస్తాడు. అలా పేద పిల్లల బడికి తక్కువ చదువు చేరుతుంది. ఇందులో ఏ ఒక్కరి తప్పూ లేదు, ఏర్పాటులోనే తప్పు ఉంది. ఏర్పాటు మార్చందే మనుషుల్ని నిందించి లాభం లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకో ముడి. బడిలో పంతులమ్మ లేకపోతే పెద్దపిల్లను బడికి పంపడానికి తల్లిదండ్రులు జంకేవారు. మన ఇళ్ళలో ఈ జంకు ఎంతదో వేరే చెప్పనక్కర్లేదు. పంతులమ్మ పల్లెకు రావాలంటే ఆమెకు ఉండడానికి ఇల్లు కావాలి. ఒంటరి ఆడమనిషి ఎక్కడుంటుంది? దీన్ని గుర్తించి 1957లో ఒక పథకం పెట్టారు. పల్లెల్లో పనిచేసే పంతులమ్మలకు ఉచితంగా వసతి, బడిలో చిన్నపిల్లల్ని కనిపెట్టుకుని ఉండేందుకు బడి అమ్మలు, ఆగిపోయిన చదువు పూర్తిచేసుకుని పంతులమ్మలయ్యేందుకు పెద్దవయసు స్త్రీలకు తక్కువ కాలం తరగతులు. 1958లో, ఆజాద్ గారు పోయిన కొద్ది నెలలకు, ఆడపిల్లల చదువు మీద వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలు మన తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారే.

బదిలీ కాగితం ఒక్కటే చాలదన్నది ఈ పథకాల సారం. పంతుల్ని మారుమూలకు పంపించడం ఒక ఎత్తు, అక్కడ నిలిచేలా చేయడం ఇంకో ఎత్తు. ఇల్లు, జీతం, పిల్లల చదువు, తోడుగా రెండో పంతులు. ఇవి లేనిచోట ఎవరూ నిలవరు.

ఊరూరా లెక్క

ఆయన ఆఖరి రోజుల్లో మొదలైన పని ఒకటుంది. మా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది అదే, కాని దాన్ని ఎవరూ తలవరు. 1957లో దేశంలో మొదటి అఖిల భారత విద్యా సర్వే ప్రారంభమైంది. అంతకుముందు సర్కారు లెక్కల్లో ఊరంటే రెవెన్యూ గ్రామం. కాని మనకు తెలుసు గదా, ఒక్క రెవెన్యూ గ్రామంలో అసలు ఊరు ఒకచోట, శివారు పాలెం ఇంకోచోట, పేట మరోచోట, వాగు అవతల కొండ దగ్గర నాలుగు గుడిసెలు వేరేచోట ఉంటాయి. గ్రామంలో బడి ఉంది అని కాగితం మీద రాసుకుంటే, వాగు అవతల పిల్లలకు బడి ఉన్నట్టేనా?

ఈ సర్వే గ్రామాల్ని కాక, మనుషులు కాపురముండే చోట్లనే లెక్కించింది. దేశం మొత్తం మీద సుమారు 8 లక్షల 40 వేల చోట్లు తేలాయి. ప్రతి చోటికీ ఒక మైలు లోపల ప్రాథమిక బడి ఉందా లేదా అని చూశారు. ఏ బడి ఏయే చోట్ల పిల్లలకు ఉపయోగపడుతుందో, కొత్త బడి ఎక్కడ పెడితే ఎక్కువమందికి అందుతుందో జిల్లాలవారీగా గీసి చూపించారు. అంతవరకూ బడి ఎక్కడ పడేది? పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఊళ్ళో పడేది. ఈ లెక్క వచ్చాక కనీసం అడగడానికి ఒక కాగితం దొరికింది. ఆ సర్వే పూర్తయ్యేనాటికి ఆజాద్ గారు లేరు. 1958 ఫిబ్రవరి 22న ఢిల్లీలో పరమపదించారు. ఎర్రకోటకూ జామా మసీదుకూ నడుమ ఆయన్ను ఖననం చేశారు. 1992లో దేశం ఆయనకు భారతరత్న ఇచ్చింది.

మన ప్రాంతంలో

ఢిల్లీలో గీసిన గీత చోడవరం దాకా ఎలా వచ్చింది? అప్పట్లో మనది విశాఖపట్నం జిల్లా. 1953 అక్టోబర్ 1దాకా మద్రాసు రాష్ట్రం, తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్. జిల్లా బోర్డు హైస్కూళ్ళను నడిపేది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక ప్రాథమిక బళ్ళు సమితుల కిందికి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తు కిందికి చేరాయి. పెద్దవాళ్ళు ఇప్పటికీ సమితి బడి అనడం మీరు వినే ఉంటారు. 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలోది. బోర్డులు మారాయి, జిల్లాలు మారాయి. ప్రశ్న మాత్రం మారలేదు. బస్సు ఆగే ఊరి బడికీ, మాడుగుల దాటి కొండవారనున్న బడికీ పంతుళ్ళు సమానంగా ఉన్నారా?

ఈ ప్రశ్నకు జవాబుగా ఒక్కో మెట్టు కట్టుకుంటూ వచ్చారు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి ప్రాథమిక బడికీ కనీసం ఇద్దరు ఉపాధ్యాయులుండాలనీ, వీలైనంతవరకు అందులో ఒకరు స్త్రీ కావాలనీ చెప్పింది. 1953లో మొదలైన పనే అది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దాన్ని చట్టబద్ధం చేసింది. ప్రాథమిక తరగతుల్లో 60 మంది పిల్లలదాకా ఇద్దరు ఉపాధ్యాయులు. అక్కడినుంచి 120 మంది దాకా 30 మందికి ఒకరు చొప్పున పెంచుకుంటూ పోవాలి. బడికి మంజూరైన పోస్టుల్లో ఖాళీలు నూటికి 10 దాటకూడదు. ఈ నిష్పత్తిని జిల్లా సగటు మీద కాక, ఒక్కో బడికీ విడివిడిగా చూడాలి. సగటు చూపించి తప్పించుకునే దారి అక్కడితో మూతపడింది.

మన రాష్ట్రంలో బదిలీల కౌన్సెలింగులో మారుమూల బళ్ళలో పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. 2025లో ఉపాధ్యాయుల బదిలీలకు ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. అదే ఏడాది 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. ప్రతి బడిలో పిల్లలెందరు, పంతుళ్ళెందరు, గదులెన్ని అని ఏటా లెక్క సేకరించి కంప్యూటరులో పెడుతున్నారు. 1957లో కాలినడకన వెళ్ళి రాసుకున్న లెక్కకు ఇది మనవరాలు.

నెరవేరనిది

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచే రాయడం మన ఆనవాయితీ. కాని ఆజాద్ గారు స్వయంగా పత్రికా రచయిత, నిజం దాచడం ఆయన పద్ధతి కాదు. కనుక మేమూ దాచము. రాజ్యాంగం పెట్టిన పదేళ్ళ గడువు 1960తో ముగిసింది. లక్ష్యం చేరలేదు. అందరికీ బడి అన్నది చట్టబద్ధమైన హక్కు కావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. రెండో ప్రణాళికలో చదువుకు కేటాయించిన సొమ్ము పెరిగింది గాని, ప్రాథమిక విద్య వాటా సగానికి పైనుంచి మూడోవంతుకు కొంచెం పైకి జారిపోయింది. పెద్ద చదువులకు, సాంకేతిక విద్యకు మొగ్గు పెరిగింది. ఆయన కాలంలో పట్నం సంస్థలు వెలిగినంతగా పల్లె బళ్ళు వెలగలేదన్న విమర్శలో నిజం ఉంది.

దానికి కారణాలు లేకపోలేదు. విభజన గాయం, శరణార్థులు, తిండిగింజల కొరత, చేతిలో లేని అధికారం. అయినా ఫలితం ఫలితమే. పథకం ఎంత బాగున్నా, దాన్ని కింద అడిగేవాళ్ళు లేకపోతే అది పైనే ఆగిపోతుందన్నది ఈ కథ చెప్పే నీతి. ఢిల్లీ లెక్క తీసింది. కమిషన్లు మార్గం చెప్పాయి. కాని మా బడికి రావలసిన రెండో పంతులు ఏడి అని అడిగే ఊళ్ళు ఎన్ని ఉన్నాయి?

మనకు మిగిలిన పని

రాంచీలో ఆజాద్ గారు ఏ అధికారమూ లేకుండానే మొదలుపెట్టారు. మన సంఘం చేయగలిగింది కూడా అలాంటిదే. కొత్త బడి కట్టించడం మన తాహతుకు మించిన పని కావచ్చు. ఉన్న సర్కారు బడిని సరిగా నడిపించుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నదే.

మొదటిది లెక్క. మన వీధుల్లో బడి వయసు పిల్లలెందరు, ఏ బడికి వెళుతున్నారు, ఎవరు మానేశారు, ముఖ్యంగా పదో తరగతికి ముందు మానేసిన ఆడపిల్లలెందరు, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. సంఘం యువకులు పూనుకుంటే నాలుగు ఆదివారాల పని అది. రెండోది, ఆ బళ్ళలో మంజూరైన పోస్టులెన్ని, ఉన్నవారెందరు, డిప్యుటేషన్ మీద వేరేచోటికి వెళ్ళినవారెందరు అని తెలుసుకోవడం. అడిగేముందు అంకె చేతిలో ఉండాలి. ఉత్త చేతులతో వెళ్ళి పంతుళ్ళు లేరండీ అంటే, చూద్దాం అన్న జవాబే వస్తుంది. ఈ బడిలో 74 మంది పిల్లలు, ఉన్నది ఇద్దరు, చట్ట ప్రకారం ముగ్గురుండాలి అని రాసిస్తే, దానికి జవాబు చెప్పక తప్పదు.

మూడోది, బడి యాజమాన్య కమిటీ. చట్టప్రకారం దానిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. మన అమ్మలు, అక్కచెల్లెళ్ళు ఆ మీటింగులకు వెళుతున్నారా? సంతకం పెట్టి వచ్చేస్తున్నారా, లేక నోరు విప్పి అడుగుతున్నారా? నాలుగోది, పంతుళ్ళను గౌరవించడం. దూరం నుంచి వచ్చే పంతులమ్మకు ఊళ్ళో నమ్మకమైన అద్దె ఇల్లు చూపించడం, పరీక్షల రోజుల్లో ఆమెకు ఒక పూట భోజనం పంపించడం, పిల్లవాడి ఎదుట పంతుల్ని చులకన చేసి మాట్లాడకుండా ఉండడం. వీటికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు. పంతులు ఒక ఊళ్ళో నిలవడానికి బదిలీ నిబంధనలు ఎంత ముఖ్యమో, ఆ ఊరి ఆదరణ కూడా అంతే ముఖ్యం.

ఇంకో మాట. మన లెక్క మన పిల్లల వరకే ఆగకూడదు. ఒక బడికి మూడో పంతులు వస్తే ఆ బడిలో చదివే ప్రతి కులం, ప్రతి మతం పిల్లవాడికీ వస్తాడు. రాంచీ మదర్సాకు హిందువులు చందా ఇచ్చినట్టే, మనం అడిగి తెచ్చుకున్న పంతులు అందరికీ పంతులే. ఆజాద్ గారు జీవితమంతా నిలబడింది ఈ కలిసి బతకడం కోసమే గదా.

వచ్చే నవంబర్ 11న ఆయన పటానికి దండ వేసేటప్పుడు, దండతో పాటు ఆ లెక్కల పుస్తకం కూడా బల్ల మీద ఉండాలని మా కోరిక. ఏ బడికి ఎందరు పంతుళ్ళు రావాలి, ఎందరు వచ్చారు అని ఆ రోజు సభలో చదివి వినిపిద్దాం. ఇన్షా అల్లాహ్, పై ఏడాది సంచికలో ఆ అంకెల్నే అచ్చు వేద్దాం.